పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జీతాలు పెరిగిన బేస్‌బాల్‌లో టెర్రీ రయన్ ఎందుకు తప్పుకున్నారు?

ఈసారి మాకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అమెరికాలోని మినెసోటా ట్విన్స్ బేస్‌బాల్ జట్టుకు పదమూడేళ్ల పాటు జనరల్ మేనేజర్‌గా ఉన్న టెర్రీ రయన్ 2007 సెప్టెంబరులో పదవి వదిలేయడం, దానికీ ఆటగాళ్ల జీతాలకూ ఉన్న సంబంధం గురించి పాఠకులు రకరకాలుగా అడిగారు. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటికే ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: రయన్ హయాంలో ట్విన్స్ 2002, 2003, 2004, 2006 సంవత్సరాల్లో తమ డివిజన్‌లో, అంటే లీగ్‌లోని జట్ల చిన్న విభాగంలో, మొదటి స్థానంలో నిలిచారు. అంత బాగా నడుస్తున్న జట్టును ఎవరూ పొమ్మనకుండానే ఆయన ఎందుకు వదిలిపెట్టారు? జీతాల భారమే అసలు కారణమా?

ఆయన్ను ఎవరూ పొమ్మనలేదన్నది నిజమే. 2007 సెప్టెంబరు 13న ఆ నిర్ణయం ప్రకటించేటప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. పదవిలో ఉండే ఒత్తిడి తనను అలసిపోయేలా చేసిందని, ఆటగాళ్లను చూసి అంచనా వేసే పనికి తిరిగి వెళ్తానని చెప్పి, సలహాదారుగా అదే జట్టులో కొనసాగారు. ఎన్నో ఏళ్లుగా తన పక్కనే పనిచేసిన బిల్ స్మిత్‌కు బాధ్యతలు అప్పగించారు. జీతాలు పెరగడం ఒక్కటే కారణమంటే అది సగం జవాబే అవుతుంది. జీతాలు పెరిగిన ఆటలో తక్కువ ఆదాయం ఉన్న జట్టుకు జనరల్ మేనేజర్‌గా ఉండడమంటే రోజూ ఏం చేయాల్సి వస్తుందో చూస్తేనే మిగతా సగం అర్థమవుతుంది.

బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే మైదానం పక్కన నిలబడి ఆట నడిపించే వ్యక్తి. ఏ ఆటగాడు జట్టులో ఉండాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి, ఎవరికి ఎన్నేళ్లకు ఎంత ఇవ్వాలి అన్నవి జనరల్ మేనేజర్ చేతిలో ఉంటాయి. రయన్ ఈ పనికి వచ్చింది లెక్కల గదిలోంచి కాదు. ఆయన స్వయంగా ఎడమచేతి పిచర్, అంటే బంతి విసిరేవాడు. ట్విన్స్ సంస్థకే చెందిన మైనర్ లీగ్ జట్లలో (పై స్థాయి అయిన మేజర్ లీగ్‌కు ఆటగాళ్లను తయారుచేసే కింది స్థాయి జట్లలో) ఆడుతూ గాయంతో ఆట మానేసి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేసి, న్యూయార్క్ మెట్స్ జట్టుకు స్కౌట్‌గా తిరిగారు. చిన్న ఊళ్ల మైదానాల్లో కూర్చుని పద్దెనిమిదేళ్ల కుర్రాడి భుజం కదలికను, బంతి వేగాన్ని, ఓడిపోతున్నప్పుడు అతడు ఎలా ప్రవర్తిస్తాడన్నదాన్ని గమనించి రాసుకోవడం స్కౌట్ పని. 1986లో ట్విన్స్‌కు తిరిగి వచ్చి స్కౌట్ల విభాగానికి అధిపతి అయ్యారు. 1994లో జనరల్ మేనేజర్ అయ్యారు. అంటే ఆటగాళ్లను కనిపెట్టడమే ఆయనకు వచ్చిన విద్య, ఇష్టమైన పని కూడా.

ఇప్పుడు 2007 వేసవిని చూడండి. సెంటర్‌ఫీల్డ్‌లో ఏళ్ల తరబడి జట్టుకు ముఖంగా నిలిచిన టోరీ హంటర్ ఒప్పందం ఆ ఏడాదితో ముగుస్తోంది. 2004లోనూ 2006లోనూ అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు అందుకున్న యోహాన్ శాంటానా ఒప్పందం ఆ మరుసటి ఏడాది ముగుస్తుంది. 2006లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైన జస్టిన్ మోర్నో జీతం ఏటేటా పెరిగే దశలో ఉంది. ఆ ఏడాది ట్విన్స్ మొత్తం జీతాల ఖర్చు సుమారు 7.1 కోట్ల డాలర్లు కాగా న్యూయార్క్ యాంకీస్ ఖర్చు 19 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. ఎక్కువ ఆదాయం తెచ్చిపెట్టే కొత్త స్టేడియం 2010కి గానీ సిద్ధం కాదు. జులై చివర్లో రెండో బేస్ ఆటగాడు లూయిస్ కాస్టియోను మెట్స్‌కు ఇచ్చేసినప్పుడు, పోటీలో ఉండగానే జట్టు ఆశ వదులుకుందన్న అసంతృప్తిని శాంటానా బహిరంగంగానే వెలిబుచ్చాడు. తాను కనిపెట్టి, ఓపికపట్టి, పెద్దవాణ్ని చేసిన ఆటగాడి నోటి నుంచే ఆ మాట వినవలసి రావడం ఏ జనరల్ మేనేజర్‌కైనా కష్టమే.

నా అభిప్రాయంలో రయన్‌ను అలసిపోయేలా చేసింది జీతం అంకె కాదు. ఆయన పనిలో ఆటగాళ్లను వెతకడం తగ్గి, వాళ్లను సాగనంపడం పెరిగింది. ఆయన ఆ సంగతి గుర్తించి, మనసు లేకుండా కుర్చీలో కూర్చోవడం కంటే లేచి వెళ్లడమే నయమనుకున్నారు. దాన్ని నేను నిజాయితీ అనే అంటాను.

ప్రశ్న: ఒకప్పుడు ఆటగాళ్లు మామూలు జీతాలకే ఆడేవారని, ఇప్పుడు దురాశతో ఆటను పాడుచేస్తున్నారని కొందరు అంటారు. ఇంతటి పెరుగుదల ఎక్కడ మొదలైంది?

ఆటగాళ్లు మామూలు జీతాలకు ఆడింది ఇష్టంతో కాదు, వేరే దారి లేక. బేస్‌బాల్ ఒప్పందాల్లో దశాబ్దాల పాటు ఒక షరతు ఉండేది. దాన్ని రిజర్వ్ క్లాజ్ అనేవారు. ఒప్పందం ముగిసినా ఆటగాడిపై హక్కు పాత జట్టుకే ఉంటుందని, యజమాని చెప్పిన జీతానికి ఆడాలని, లేకపోతే ఆట మానుకోవాలని దాని సారాంశం. బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1922లో ఇచ్చిన తీర్పు ఆ షరతుకు రక్షణగా నిలిచింది. 1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు బదిలీ చేసినప్పుడు, తాను కొనడానికీ అమ్మడానికీ వస్తువును కానంటూ అతడు న్యాయస్థానానికి వెళ్లాడు. అప్పటికి అతడి జీతం ఏడాదికి 90 వేల డాలర్లు, అంటే ఆ రోజుల్లో చాలా పెద్ద మొత్తం. 1972లో సుప్రీంకోర్టులో 5–3 తేడాతో ఓడిపోయాడు. అతడి ఆట ముగిసింది గానీ ఆ ప్రశ్న ముగియలేదు.

ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసిన మార్విన్ మిల్లర్ 1966లో ఆటగాళ్ల సంఘానికి నాయకుడయ్యాక పరిస్థితి మారడం మొదలైంది. 1967లో మేజర్ లీగ్ ఆటగాడి కనీస జీతం 6 వేల డాలర్లు, సగటు జీతం 19 వేల డాలర్లు. యజమానులతో మిల్లర్ కుదిర్చిన మొదటి సామూహిక ఒప్పందంతో కనీస జీతం 10 వేల డాలర్లు అయింది. అసలు మలుపు 1975లో వచ్చింది. ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్లు ఒప్పందంపై సంతకం చేయకుండానే ఆ ఏడాది మొదలుపెట్టి, ఏడాది ముగిశాక తమపై ఎవరికీ హక్కు లేదని వాదించారు. మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆ ఏడాది డిసెంబరు 23న వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాది కుదిరిన ఒప్పందంలో, మేజర్ లీగ్‌లో ఆరేళ్లు పూర్తిచేసిన ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అయి తనకు నచ్చిన జట్టుతో మాట్లాడుకోవచ్చని తేలింది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. ఓక్లండ్ యజమాని చార్లీ ఫిన్లీ అప్పట్లో ఆటగాళ్లందరినీ ఏటా ఫ్రీ ఏజెంట్లుగా వదిలేద్దామన్నాడు. మిల్లర్ భయపడింది సరిగ్గా ఆ మాటకే. వందల మంది ఒకేసారి అంగట్లోకి వస్తే ఒక్కొక్కరి ధర పడిపోతుందని ఆయనకు తెలుసు. మిగతా యజమానులు ఆటగాళ్లపై పట్టు వదులుకోవడానికి ఇష్టపడక ఆరేళ్ల నియమానికి ఒప్పుకున్నారు. దాంతో ఏటా కొద్దిమంది మేటి ఆటగాళ్లు మాత్రమే బయటికి రావడం, వాళ్ల కోసం అనేక జట్లు పోటీపడడం మొదలయ్యాయి. జీతాలు ఇంతగా పెరగడంలో యజమానుల ఆ ఎంపికకూ పెద్ద పాత్రే ఉంది. 1976లో సుమారు 51,500 డాలర్లున్న సగటు జీతం 1992 నాటికి 10 లక్షలు, 2001 నాటికి 20 లక్షలు దాటి, రయన్ పదవి వదిలే నాటికి 28 లక్షల డాలర్లకు చేరింది. ఇటీవలి ఒప్పందాలను చూస్తే అవి కూడా చిన్నవిగానే కనిపిస్తాయి. 2023 డిసెంబరులో షోహెయ్ ఓతాని పదేళ్లకు 70 కోట్ల డాలర్లకు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో, ఏడాది తర్వాత హువాన్ సోటో పదిహేనేళ్లకు 76.5 కోట్ల డాలర్లకు మెట్స్‌తో ఒప్పందాలు కుదుర్చుకున్నారు.

దురాశ అన్న మాటను నేను అంగీకరించను. కార్ల్ పోలాడ్ 1984లో ట్విన్స్‌ను కొన్నది నాలుగు కోట్ల డాలర్ల పరిసరాల్లో. నేడు ఆ జట్టు విలువ వంద కోట్ల డాలర్లకు ఎంతో పైన ఉంటుంది. స్టేడియానికి జనం వచ్చేది, టీవీ ముందు కూర్చునేది ఆటగాళ్లను చూడడానికే. వాళ్ల ఆటతో పెరిగిన ఆదాయంలో వాళ్లు వాటా అడిగితే దురాశ అంటూ, ఆ ఆటతోనే పెరిగిన జట్టు విలువను మాత్రం వ్యాపార దక్షత అనడం న్యాయం కాదు.

ప్రశ్న: అందరి జీతాలూ పెరిగాయి కదా, మరి చిన్న జట్లకే ఎందుకంత ఇబ్బంది?

ఆదాయాలు సమానంగా పెరగలేదు కాబట్టి. జాతీయ స్థాయి టీవీ ఒప్పందాల డబ్బును జట్లన్నీ పంచుకుంటాయి. స్థానిక టీవీ ప్రసారాలు, టికెట్లు, స్టేడియంలోని ప్రత్యేక గదుల అద్దె మాత్రం ప్రధానంగా ఏ జట్టువి ఆ జట్టుకే వస్తాయి. న్యూయార్క్ యాంకీస్‌కు 2002 నుంచి యెస్ నెట్‌వర్క్ అనే సొంత చానల్ ఉంది. ట్విన్స్ మెట్రోడోమ్ అనే స్టేడియంలో, ఫుట్‌బాల్ జట్టుతో పాటు అద్దెకు ఉండేవారు. పెద్ద జట్ల నుంచి చిన్న జట్లకు కొంత ఆదాయం మళ్లించే ఏర్పాటు ఉన్నా, ఆ దూరాన్ని అది పూడ్చలేదు.

ఎంత దూరమో ఒక్క ఏడాదిని తీసుకుంటే తెలుస్తుంది. 2000లో ట్విన్స్ ఆటగాళ్లందరి జీతాలూ కలిపి 1.6 కోట్ల డాలర్ల దగ్గర ఉన్నాయి, అది లీగ్‌లోనే అతి తక్కువ. ఆ ఏడాది డిసెంబరులో అలెక్స్ రోడ్రిగెజ్ పదేళ్లకు 25.2 కోట్ల డాలర్లకు టెక్సస్ రేంజర్స్‌తో సంతకం చేశాడు, అంటే సగటున ఏడాదికి 2.52 కోట్లు. ట్విన్స్ జట్టు మొత్తానికి ఏడాదికి అయిన ఖర్చు కంటే ఒక్క ఆటగాడి సగటు జీతం ఎక్కువ. అంతకు రెండేళ్ల ముందు రేంజర్స్ యజమాని ఆ జట్టునే సుమారు 25 కోట్ల డాలర్లకు కొన్నాడన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

మరుసటి ఏడాది నవంబరులో యజమానులు సమావేశమై రెండు జట్లను రద్దు చేయాలని 28–2 ఓట్లతో తీర్మానించారు. పేర్లు అధికారికంగా ప్రకటించకపోయినా మాంట్రియల్ ఎక్స్‌పోస్‌తో పాటు ట్విన్స్ ఆ జాబితాలో ఉన్నారన్నది అందరికీ తెలిసిన సంగతే. స్టేడియం అద్దె ఒప్పందం ప్రకారం 2002లో మెట్రోడోమ్‌లో ఆడి తీరాలని మినెసోటా న్యాయస్థానం ఆదేశించడంతో జట్టు బతికింది. రద్దు కావలసిన ఆ జట్టే ఆ ఏడాది డివిజన్ గెలిచి, ఓక్లండ్‌ను ఓడించి, అమెరికన్ లీగ్ టైటిల్ పోటీ దాకా వెళ్లింది.

ప్రశ్న: అంత తక్కువ డబ్బుతో రయన్ గెలిచే జట్టును ఎలా కట్టగలిగారు? ఒకటి రెండు ఉదాహరణలతో చెప్పగలరా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. ముందుగా జీతాల మెట్లను అర్థం చేసుకోవాలి. మేజర్ లీగ్‌లో మొదటి మూడేళ్లు ఆటగాడికి దాదాపు కనీస జీతమే దక్కుతుంది, 2007లో అది 3.8 లక్షల డాలర్లు. ఆ తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్ దశ. ఆటగాడు ఒక అంకె, జట్టు ఒక అంకె చెబుతాయి. రాజీ కుదరకపోతే మధ్యవర్తుల బృందం ఆ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలే తప్ప మధ్యస్థంగా తేల్చడానికి వీల్లేదు. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెన్సీ వస్తుంది. ఒక ఏడాది సర్వీసు అంటే జట్టు జాబితాలో 172 రోజులు. అందువల్ల డబ్బు లేని జట్టు కుర్ర ఆటగాళ్లను ముందుగా గుర్తించాలి, చవకగా దొరికే ఆరేళ్లలోనే గెలవాలి, జీతం మోయలేని స్థాయికి చేరకముందే అతడిని ఇచ్చి మరికొందరు కుర్రవాళ్లను తెచ్చుకోవాలి. ఇందులో ఏ ఒక్క అంచనా తప్పినా తర్వాత చాలా ఏళ్లు దాని ఫలితం అనుభవించాలి.

శాంటానా సంగతే తీసుకోండి. 1999 డిసెంబరులో జరిగిన రూల్ 5 డ్రాఫ్ట్ అనే ఎంపికలో, ఇతర జట్లు తమ ప్రధాన జాబితాలో చేర్చకుండా వదిలేసిన మైనర్ లీగ్ ఆటగాళ్లను ఎంచుకునే వీలుంది. మొదటి ఎంపిక ట్విన్స్‌ది, రెండోది ఫ్లోరిడా మార్లిన్స్‌ది. మార్లిన్స్‌కు కావలసిన జారెడ్ క్యాంప్‌ను ట్విన్స్ ఎంచుకుని, హ్యూస్టన్ ఆస్ట్రోస్ వదిలేసిన శాంటానాను మార్లిన్స్ చేత ఎంపిక చేయించి, ఇద్దరినీ మార్చుకున్నారు. పైగా మార్లిన్స్ 50 వేల డాలర్లు ఇచ్చారు. అసలు కష్టం తర్వాతే మొదలైంది. ఇలా తెచ్చుకున్న ఆటగాడిని ఏడాదంతా మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి, లేకపోతే పాత జట్టుకు తిరిగి తీసుకునే అవకాశం ఇవ్వాలి. 2000లో శాంటానా ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కూ సగటున 6.49 పరుగులు ఇచ్చాడు. అది చాలా చెడ్డ అంకె. 25 మంది జట్టులో ఒక స్థానాన్ని ఏడాది పొడవునా అతడి కోసం త్యాగం చేసి, ఓటములు భరిస్తూ ఓపిక పట్టారు. నాలుగేళ్లకు అతడు లీగ్‌లో ఉత్తమ పిచర్ అయ్యాడు. 2006లో 19 విజయాలు, 2.77 సగటు, 245 స్ట్రైకౌట్లతో (బంతిని కొట్టనివ్వకుండా బ్యాటర్‌ను ఔట్ చేయడం) ఆ మూడింటిలోనూ అమెరికన్ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు.

కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 2001 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక ట్విన్స్‌ది. కళాశాల పిచర్ మార్క్ ప్రయర్‌ను తీసుకోవాలని చాలామంది నిపుణులు అన్నారు. రయన్ జట్టు సెయింట్ పాల్‌కు చెందిన స్థానిక కుర్రాడు, క్యాచర్ (పిచర్ విసిరిన బంతిని పట్టేవాడు) జో మావర్‌ను ఎంచుకుంది. ప్రయర్ అడిగినంత ఇవ్వలేకే ఇలా చేశారని విమర్శలు వచ్చాయి. ప్రయర్ సంతకం చేసిన ఒప్పందం 1.05 కోట్ల డాలర్లది, మావర్‌కు దక్కింది దాదాపు అందులో సగం. డబ్బు ఆ నిర్ణయాన్ని ప్రభావితం చేసి ఉండవచ్చు. అయినా ప్రయర్ గాయాలతో 2006 తర్వాత మేజర్ లీగ్‌లో ఆడలేకపోయాడు, మావర్ అదే 2006లో .347 బ్యాటింగ్ సగటుతో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన మొదటి క్యాచర్ అయ్యాడు, 2024లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

మావర్ సిద్ధమవుతున్నాడని తెలిశాక, 2003 నవంబరులో అప్పటి క్యాచర్ ఏ.జె. పియర్జిన్‌స్కీని శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు ఇచ్చి జో నేథన్, ఫ్రాన్సిస్కో లిరియానో, బూఫ్ బాన్సర్ అనే ముగ్గురు పిచర్లను తెచ్చారు. నేథన్ ట్విన్స్ తరఫున 260 మ్యాచ్‌ల ఆధిక్యాన్ని చివర్లో కాపాడాడు. అంతకుముందు 1998లో, జట్టులో ఉండనని పట్టుబట్టిన రెండో బేస్ ఆటగాడు చక్ నాబ్లాక్‌ను యాంకీస్‌కు ఇచ్చి తెచ్చుకున్న ఎరిక్ మిల్టన్, క్రిస్టియన్ గుజ్మాన్ 2002 విజయానికి పునాది అయ్యారు.

ఇంత పదునైన చూపున్న మనిషి చేజార్చుకున్నవీ ఉన్నాయి. 2002 డిసెంబరులో డేవిడ్ ఓర్టిజ్‌ను జట్టు నుంచి వదిలేశారు. ఆర్బిట్రేషన్‌కు వెళ్తే అతడి జీతం పెరుగుతుంది, గాయాల చరిత్ర ఉంది, అతడిని తీసుకోవడానికి ముందుకొచ్చే జట్టు కనిపించలేదు. బోస్టన్ రెడ్ సాక్స్ అతడిని 12.5 లక్షల డాలర్లకు తీసుకుంది. అతడు బోస్టన్‌కు మూడు ప్రపంచ సిరీస్‌లు (మేజర్ లీగ్ తుది పోటీలు) గెలిపించి, 541 హోమ్ రన్లతో ఆట ముగించి, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. ధనిక జట్టు అయితే ఇంకో ఏడాది చూద్దామనుకునేది. డబ్బు లేని జట్టుకు లేనిది ఆ ఇంకో ఏడాదే. ఈ తప్పిదాన్ని రయన్ ఖాతాలోనే రాయాలి, అయితే అది ఏ పరిస్థితిలో జరిగిందో కూడా పక్కనే రాయాలి.

ప్రశ్న: హంటర్, శాంటానాల ఒప్పందాలు తేలవలసిన సమయంలో వెళ్లిపోవడం బాధ్యత నుంచి తప్పించుకోవడం కాదా? తర్వాత ఆ జట్టు ఏమైంది?

ఈ విమర్శను కొట్టిపారేయలేను. ఆ శీతాకాలం ఎంత కష్టంగా ఉంటుందో ఆయన కంటే బాగా తెలిసినవారు లేరు. కొత్తగా కుర్చీ ఎక్కిన స్మిత్‌కు కుదురుకునే వ్యవధి లేకుండానే ఆ రెండు పెద్ద నిర్ణయాలూ ఎదురయ్యాయి. హంటర్ అయిదేళ్లకు 9 కోట్ల డాలర్లకు లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్‌కు వెళ్లిపోయాడు. 2008 ఫిబ్రవరిలో శాంటానాను మెట్స్‌కు ఇచ్చి నలుగురు కుర్ర ఆటగాళ్లను తీసుకున్నారు. మెట్స్ అతడికి ఆరేళ్లకు 13.75 కోట్ల డాలర్లు ఇచ్చింది. అంటే అతడి సగటు వార్షిక జీతం, 2000లో ట్విన్స్ మొత్తం జట్టుకు చెల్లించిన దానికంటే ఎక్కువ. వచ్చిన ఆ నలుగురిలో ఎవరూ మినెసోటాలో ఆ లోటు తీర్చలేకపోయారు.

అయినా రయన్ ఉండి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని నేను అనుకోను, ఎందుకంటే ఖజానా అదే, స్టేడియం అదే. సీజన్ మధ్యలో గానీ, బేరసారాలు సగంలో ఉండగా గానీ వెళ్లి ఉంటే తప్పించుకున్నారనేవాణ్ని. సీజన్ చివర్లో, వారసుడు సిద్ధంగా ఉండగా వెళ్లారు. పూర్తి శక్తితో ఆ బేరాలు నడపలేనని తెలిసిన మనిషి వాటికి ముందే తప్పుకోవడం జట్టుకు మేలే.

ఆదాయం మారితే నిర్ణయాలు ఎలా మారతాయో ఆ తర్వాతి సంఘటనే చూపింది. హెనెపిన్ కౌంటీలో 0.15 శాతం అమ్మకపు పన్ను వేసి వచ్చిన డబ్బు తోడుగా కట్టిన టార్గెట్ ఫీల్డ్ 2010లో తెరుచుకుంది. సరిగ్గా ఆ మార్చిలోనే జో మావర్‌కు ఎనిమిదేళ్లకు 18.4 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చి, అతడు వేరే జట్టుకు పోకుండా నిలబెట్టుకున్నారు. కానీ 2011లో జట్టు 99 మ్యాచ్‌లు ఓడిపోయింది. స్మిత్‌ను తొలగించి ఆ నవంబరులో రయన్‌నే మళ్లీ పిలిచారు. రెండో విడతలో మొదటి విడత వెలుగు కనిపించలేదు. 2016 జులైలో యాజమాన్యమే ఆయన్ను తొలగించింది. ఆయన్ను తలచుకునేవారు మొదటి పదమూడేళ్లనే తలచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: అదే 2007లో అట్లాంటా బ్రేవ్స్ జనరల్ మేనేజర్ జాన్ షూర్‌హోల్జ్ కూడా తప్పుకున్నారు. ఆయన కారణమూ ఇదేనా?

కాదు. షూర్‌హోల్జ్ 2007 అక్టోబరులో అదే జట్టుకు అధ్యక్షుడిగా పైకి వెళ్లారు, ఆయన స్థానంలో ఫ్రాంక్ రెన్ వచ్చారు. సమ్మెతో ఆగిపోయిన 1994ను మినహాయిస్తే 1991 నుంచి 2005 వరకు వరుసగా పద్నాలుగు డివిజన్ టైటిళ్లు, 1995 ప్రపంచ సిరీస్ ఆయన హయాంలో వచ్చాయి. ఆ ఏళ్లలో చాలా భాగం ఆయన దగ్గర డబ్బుంది, దేశమంతటా జట్టును చూపించే టీవీ చానల్ ఉంది. ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

ప్రశ్న: జీతాలకు గరిష్ఠ పరిమితి పెడితే రయన్ లాంటివారు ఈ ఒత్తిడి లేకుండా పనిచేయగలుగుతారు కదా? బేస్‌బాల్‌లో అది ఎందుకు రావడం లేదు?

యజమానులు దాన్ని బలవంతంగా తేవాలని చూసిన ప్రయత్నమే 1994 ఆగస్టు 12న మొదలై 232 రోజులు సాగిన సమ్మెకు దారితీసింది. ఆ ఏడాది ప్రపంచ సిరీస్ జరగలేదు. 1904 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. చివరికి 1995 మార్చి 31న అప్పటి జిల్లా న్యాయమూర్తి సోనియా సొటొమయోర్ యజమానులకు వ్యతిరేకంగా ఉత్తర్వు ఇవ్వడంతో ఆట తిరిగి మొదలైంది. గరిష్ఠ పరిమితికి బదులు, ఒక హద్దు దాటి ఖర్చు చేసే జట్టుపై పన్ను వేసే పద్ధతి వచ్చింది. ఆ హద్దు 2007లో 14.8 కోట్ల డాలర్లు, 2025లో 24.1 కోట్ల డాలర్లు. యాంకీస్ వంటి జట్టు ఆ పన్ను కట్టి ముందుకు వెళ్లగలదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1994 నుంచి గరిష్ఠ పరిమితి ఉంది కదా అని ఉదాహరణగా చెబుతారు. అక్కడ టీవీ ఆదాయంలో చాలా పెద్ద భాగాన్ని జట్లన్నీ సమానంగా పంచుకుంటాయన్నది ఆ ఉదాహరణలో చెప్పకుండా వదిలేస్తారు. స్థానిక ఆదాయాన్ని యథాతథంగా ఉంచి ఆటగాళ్ల జీతాలకు మాత్రమే హద్దు గీస్తే, న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ యజమానులకు డబ్బు మిగులుతుంది గానీ మినెసోటా ఖజానాలోకి ఒక్క డాలరూ అదనంగా రాదు. పైన గరిష్ఠ పరిమితి పెట్టాలంటే కింద కనీస వ్యయ పరిమితి కూడా ఉండాలి, లేకపోతే పంచిన డబ్బును చిన్న జట్ల యజమానులు ఆటగాళ్లపై ఖర్చు చేయకుండా దాచుకుంటారు. ఆటగాళ్ల సంఘానికి ఉన్న అనుమానాల్లో అదొకటి. ప్రస్తుత సామూహిక ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. ఆ చర్చల్లో గరిష్ఠ పరిమితి అంకె కంటే ముందుగా చూడవలసింది, పెద్ద జట్ల స్థానిక టీవీ ఆదాయంలో ఎంత భాగం అందరికీ పంచడానికి వాటి యజమానులు ఒప్పుకుంటారన్నదే.